బాకు పేరు ఇవ్వను

నా కుక్క పేరు బాకు. ఆ పేరు ఇంకే కుక్కకీ లేదు, నేను బతికుండగా ఉండబోదు కూడా. ఈ ఒక్క ముక్క మీద నాకూ మా బావకూ చెడింది. తెలిసినవాళ్లంతా దీన్ని నా పిచ్చి కింద జమకట్టారు. కట్టుకోనివ్వండి.

నేను వెల్డింగ్ పని చేస్తాను. గేట్లు, కిటికీ చువ్వలు, మెట్ల రెయిలింగులు. బాకు పగలంతా షాపులో నా బల్ల కింద పడుకునేది. మెరుపు చూస్తే కళ్లు పోతాయని దానికి నేనేమీ పాఠం చెప్పలేదు. నేను ముఖానికి అద్దం దించుకున్న చప్పుడు వింటే చాలు, తల గోడవైపు తిప్పేసుకునేది. పని ఆపి, అతుకు మీద పేరుకున్న చిట్టెం సుత్తితో రాలగొడితే మళ్లీ ఇటు తిరిగేది. గేటు చేయించుకోవడానికొచ్చిన పెద్దమనుషులేమో వద్దన్నా వినకుండా ఆ మెరుపు వంకే నోరు తెరుచుకుని చూసి, మర్నాడు కళ్లు వాచిపోయి నన్ను తిట్టిపోసేవాళ్లు.

ఇక వేట సంగతి. చేలమీద పడే అడవిపందుల్ని కొట్టడానికి మాకు అనుమతి ఉంది. ఐదుగురం వెళ్లేవాళ్లం. నాయకుడు మా బావ, అంటే అక్క మొగుడు. బస్సు డిపోలో టైమ్ కీపరు. పగలు డ్రైవర్ల మీద అరుస్తాడు, సెలవురోజు అడవిలో మా మీద అరుస్తాడు. మిగిలినవాళ్లలో నాకు కాస్త దగ్గరివాడు బేకరీ అబ్బాయి. అబ్బాయి అంటున్నానే గానీ వాడి కూతురికి పెళ్లీడు వచ్చింది.

మా వేటకు ఒక పద్ధతుంది. ఎవరి చోటు వాళ్లది, అక్కడినుంచి కదలకూడదు. కదిలితే ఎవరి గుండు ఎవరికి తగులుతుందో తెలీదు. ఎవరైనా చోటు వదిలి బయటికొస్తే, చూసినవాడు "మనిషీ" అని కేకెయ్యాలి. ఆ కేక వినగానే అందరూ తుపాకులు దించి గుళ్లు తీసెయ్యాలి. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ముందు నడిచే కుక్క పేరు ఎప్పుడూ టైగరే. ఒక టైగర్ పోతే ఇంకో టైగర్. కంగారులో నోటికి అలవాటైన మాటే వస్తుందని బావ సిద్ధాంతం.

బాకు దానికి లొంగలేదు. వీళ్లు టైగర్, టైగర్ అని గొంతు చించుకుంటుంటే, పాపం ఎవర్నో పిలుస్తున్నారనుకుని తీరిగ్గా చెవి గోక్కునేది. చివరికి మిగతా నలుగురూ నోళ్లు మార్చుకుని బాకూ అని పిలవడం నేర్చుకున్నారు. అదీ బాకు అంటే.

ఒకసారి ఒక పొద చుట్టూ చేరాం. లోపల ఏదో కదులుతోంది. పందైతే మొరిగే బాకు మొరగలేదు. పొద ముందు కూర్చుని నా వంక చూసింది.

"నీ కుక్క పని అయిపోయిందిరా. భయపడుతోంది," అంటూ బావ తుపాకి భుజానికెత్తాడు.

నేను గొట్టం పట్టుకుని కిందికి వంచేశాను. పొదలోంచి కట్టెలమోపుతో ఒక పెద్దావిడ బయటికొచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఏం నాయనా, పెళ్లివారిలా ఇంతమంది నిలబడ్డారు, పిల్ల ఏదీ?" అంది.

బావ ఆ తర్వాత ఎన్నో వేట కథలు చెప్పాడు. ఇది మాత్రం ఎక్కడా చెప్పలేదు.

బాకును పందేమీ చంపలేదు. కడుపులో గడ్డ వచ్చింది. పశువుల డాక్టరు చూసి, ఇక బాధ లేకుండా చూసుకోమన్నాడు. ఒక మధ్యాహ్నం షాపులోనే, బల్ల కింద పోయింది. అప్పుడు నేనొక గేటు మీద పనిలో ఉన్నాను. పని ఆపి చిట్టెం కొట్టాను. అది ఇటు తిరగలేదు. ఇంకోసారి కొట్టాను.

షాపు వెనక పాతిపెట్టాను. మనిషి పోతే పలకరించడానికి వస్తారు. కుక్క పోతే ఇంకోటి తెచ్చుకోమంటారు. అదే పలకరింపు.

నేను తెచ్చుకోలేదు. బావ తెచ్చాడు. ఎర్రటి కుక్కపిల్లను చంకలో పెట్టుకుని షాపుకొచ్చి బల్లమీద దింపాడు. అది నా చేతి తొడుగు నోట కరుచుకుని లాగడం మొదలుపెట్టింది.

"మంచి జాతి. ముక్కు చూడు. దీన్ని నువ్వే తయారుచెయ్యాలి బావమరిదీ. పేరు కూడా పెట్టేశాను."

"ఏం పెట్టావు?"

"ఇంకేముంది, బాకు. అందరికీ నోరు తిరిగిన పేరు."

"కుదరదు."

"ఏంటి కుదరదు?"

"ఆ పేరు ఖాళీ లేదు బావా."

బావ బల్ల కిందికి వంగి చూసినట్టు నటించి, "ఎక్కడా కనపడదే!" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన పిల్లను మళ్లీ చంకనెత్తుకుని, "కుక్క పేరుకు కూడా పట్టా రాయించుకున్నావురా?" అంటూ వెళ్లిపోయాడు.

బేకరీలో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. నలుగురూ ఒక పక్క, నేనొక పక్క.

"గౌరవంగానే పెడుతున్నాం కదన్నా," అన్నాడు బేకరీ అబ్బాయి. "పేరు నిలబడుతుంది."

"నిలబడదురా. తిట్లు తింటుంది. పిల్లకుక్క వంద తప్పులు చేస్తుంది, చెయ్యాలి కూడా. ప్రతి తప్పుకూ మా బావ ఆ పేరు పెట్టి బూతులు తిడతాడు. నా కుక్కను ఆ పేరుతో నేనెప్పుడూ తిట్టలేదు. తిట్టాల్సి వస్తే పేరు లేకుండా తిట్టాను."

"అబ్బో, నన్ను మాత్రం పేరు పెట్టి తిడతావు," అన్నాడు వాడు. అందరూ నవ్వారు. నా మాట ఆ నవ్వులో పోయింది. పేరు ఖాయమైంది.

నేను వేట మానలేదు. మానితే వాళ్లకు హాయి. పిల్ల కాస్త ఎదిగాక మొదటిసారి దాన్ని తీసుకెళ్లారు. మొక్కజొన్న చేను పక్కన వరసగా నిలబడ్డాం. నేను తుపాకి తేలేదు. బావ పిల్లను వదిలాడు. అది పంది వాసన వదిలేసి సీతాకోకచిలుక వెంట పడింది.

"బాకూ! ఎదవ కుక్కా! ఎటు పోతున్నావురా, బాకూ!"

నేను చోటు వదిలి చేతులు పైకెత్తి దారిమీదికి వచ్చాను. "వస్తున్నా బావా!"

"మనిషీ! మనిషీ!" అని బేకరీ అబ్బాయి కేకేశాడు. తుపాకులన్నీ దిగాయి, గుళ్లు బయటికొచ్చాయి. నేను తాపీగా నడుచుకుంటూ వెళ్లి బావ ముందు నిలబడ్డాను.

"ఏం బావా, పిలిచావు?"

"నిన్నెవడు పిలిచాడ్రా?"

"బాకూ అన్నావుగా. అది రాలేదు. దాని తరఫున నేనొచ్చాను."

బావ ముఖం కందగడ్డ అయింది. నన్ను తిరిగి నా చోటుకు పంపించి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ పిలిచాడు. మళ్లీ వచ్చాను. పద్ధతి పెట్టింది ఆయనే, తుపాకి దించక తప్పదు. మూడోసారి నేను దారిలో ఉండగానే పందులు పిల్లలతో సహా వరసగా చేలోకి దిగాయి. రైతు గట్టుమీద నిలబడి, "మీకంటే ఆ పందులే నయం, వాటికి పనేంటో తెలుసు," అన్నాడు. ఆ మాట న్యాయమే. తర్వాత ఆయన కంచెకు ఇనుప స్తంభాలు నా చేత్తో నిలబెట్టి వచ్చాను, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం అక్కా బావా మా ఇంటికొచ్చారు. మా ఆవిడ టీ పెట్టింది. బావ ముట్టుకోలేదు.

"ఇక నువ్వు మాతో రావద్దు," అన్నాడు.

"రాను. ఆ చేల పక్క రోడ్డు మాత్రం అందరిదీ. అక్కడ నిలబడతాను. పిలిస్తే పలుకుతాను."

అక్క తల కొట్టుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, నాన్న పేరు మీ అబ్బాయికి పెట్టుకున్నావు కదరా. అప్పుడు లేని బాధ కుక్కకొచ్చిందా?"

"వాణ్ణి తిట్టేటప్పుడు ఎప్పుడైనా ఆ పేరు పలికానా అక్కా? నానీ అనే తిట్టాను."

అది నిజమని అక్కకూ తెలుసు. తనూ వాణ్ణి అలాగే తిడుతుంది.

బావ గొంతు తగ్గించాడు. "సరే, చచ్చినదాని పేరు దాచుకుని ఏం చేసుకుంటావు? నువ్వు ఇంకో కుక్కను పెంచనంటున్నావు కదా!"

"ఏమీ చేసుకోను. ఖాళీగా ఉంచుతాను."

"ఖాళీగానా?"

"అవును బావా. పెద్దావిడను నువ్వు కాల్చకుండా ఆపిన పేరు అది. దాన్ని నీ నోట తిట్టనివ్వను."

అక్క బావ వైపు తిరిగి, "ఏ పెద్దావిడ?" అంది. బావ చల్లారిన టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

"అన్నయ్యగారూ, వేడిగా ఇంకో కప్పు తెస్తాను," అంది మా ఆవిడ. అంతవరకూ "పేరేగా, ఇచ్చేస్తే పోలా" అని నా ప్రాణం తీసిన మనిషి, అప్పుడు నా కుర్చీ పక్కనే నిలబడింది.

బావ లేచాడు. "ఏ పేరు పెట్టమంటావు మరి?" అన్నాడు గుమ్మంలో.

"నీ పేరు పెట్టుకో. తిట్టేటప్పుడు తెలుస్తుంది."

ఆయన తలుపు దడాలున వేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా షాపు గుమ్మం తొక్కలేదు. నేనూ వేటకు వెళ్లలేదు. పోయింది చిన్న సంగతని చెప్పను. సెలవురోజు పొద్దున్నే ఆకుల మీద నడిచే ఆ చప్పుడు నాకు అన్నం లాంటిది.

మొన్న బేకరీ అబ్బాయి షట్టరు పట్టాలు వంగిపోయాయని పిలవడానికి వచ్చాడు. కుక్కపిల్లకు ఎర్రోడు అని పేరు పెట్టారట.

"కానీ నోరు తిరగడం లేదన్నా. పంది ఎదురుగా ఉంటే మీ బావ 'బా' అంటాడు, నాలుక కరుచుకుంటాడు, అప్పుడు ఎర్రోడా అంటాడు. ఈలోపు పంది పోతోంది."

"పోనీ," అన్నాను.

"నువ్వు ఒక్క మాట అంటే..."

"పందిని పోనీరా," అని ముఖానికి అద్దం దించుకున్నాను.