కన్ను కొట్టిన కోటు

మనవరాలు సంచి సర్దుతోంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, మందుల పెట్టె, ఆసుపత్రి కాగితాలున్న ఫైలు. పెద్దావిడ మంచం అంచున కూర్చుని, లోపల పెట్టిన ప్రతిదాన్నీ మళ్ళీ బయటికి తీయించి చూసుకుంటోంది. ఫైలు మూడోసారి తీయించాక మనవరాలు సంచి తెచ్చి ఆవిడ ఒళ్ళోనే పెట్టేసింది.

"అమ్మమ్మా, వెళ్ళేది కంటి ఆపరేషనుకి. ఓడెక్కి సముద్రాలు దాటడానిక్కాదు. పొద్దున వెళ్తాం, సాయంత్రానికి ఇంట్లో ఉంటాం."

"వెళ్ళేవాళ్ళందరూ అలాగే చెప్తారు" అంది పెద్దావిడ.

ఈ ధోరణి మనవరాలికి కొత్తేమీ కాదు. ఇంట్లోంచి ఎవరు గుమ్మం దాటినా, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా పెద్దావిడ కిటికీ వదలదు. కూరగాయలకి వెళ్ళినా అంతే, కచేరీకి వెళ్ళినా అంతే. రేపటి ప్రయాణం తనదే కావడంతో ఇప్పుడు కిటికీ దగ్గర ఎవరిని నిలబెట్టాలో తెలియక మరీ కంగారు పడుతోంది.

డాక్టరు పాపం ఓపిగ్గానే చెప్పాడు. కుడికంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, అది తీసేస్తే కళ్ళ ముందున్న పసుపు పొర పోయి రంగులు కడిగినట్టు కనిపిస్తాయనీ, నూటికి ఒకరిద్దరికి తప్ప ఏ ఇబ్బందీ రాదనీ. ఆవిడ చెవిన ఆ ఒకరిద్దరే పడ్డారు. ఎడమకన్ను పదేళ్ళ కిందటే పోయింది. ఉన్నది ఈ ఒక్కటే. ఇదీ పోతే, చూడాల్సింది చూడకుండానే పోతుంది.

ఆ చూడాల్సింది నాలుగు నెలలుగా అలమరలో ఉంది. పాత కార్టూను బొమ్మల డిస్కు. మనవరాలే ఎక్కడో వెతికి పట్టుకుని ఆవిడ పుట్టినరోజుకి తెచ్చింది. అట్టమీద నీలం కోటు వేసుకున్న దర్జీ ఎలుగు, మెడలో కొలత టేపు, పక్కన ముక్కు ఎగరేసిన బాతు. ఒక్కోటి ఏడు నిమిషాల చొప్పున పన్నెండు బొమ్మలు. పెళ్ళికి ముందు అమ్మమ్మ రంగులు వేసిన స్టూడియోవి. ఇంట్లో అందరూ కూర్చుని చూద్దామన్నప్పుడల్లా ఆవిడకి తలనొప్పి వచ్చేది, లేదా పొయ్యి మీద ఏదో మాడిపోయేది. అలాంటిది ఇవాళ సంచి పక్కకి నెట్టి, తనే అంది:

"ఆ డిస్కు పెట్టు. ఏడోది చూడాలి."

"ఏడోదే ఎందుకు? మొదటినుంచీ చూద్దాం."

"సరే, మొదటినుంచే పెట్టు" అంది ఆవిడ. కాసేపైనా వాయిదా పడుతుంది కదా.

మధ్యాహ్నం మూడయింది. మనవరాలు కర్టెన్లు దగ్గరికి లాగి, పెద్దావిడ కుర్చీని టీవీకి మూరెడు దూరంలో వేసింది. మొదటి బొమ్మ మొదలైంది. ఎలుగు తన లెక్క తప్పి గిరాకీ ప్యాంటుకి మూడు కాళ్ళు కుడుతుంది. మనవరాలు పడీ పడీ నవ్వింది. పెద్దావిడకీ నవ్వాగలేదు. ఆ బాతు ముక్కు తనే వేసిందనీ, నారింజ రంగు ఆరేలోగా తుమ్మొచ్చి ఒక షీటు పాడుచేసిందనీ చెప్పింది. బాతు తోక ఊపిన చోటల్లా తన చేయి కూడా ఒళ్ళో కదిలింది. ఇంత కాలం ఎందుకు పారిపోయానా అని కూడా అనుకుంది. అంతలో ఆరోది అయిపోయింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మనవరాలు పాజ్ నొక్కి, "ఏమైంది?" అని అడిగింది. అప్పుడు చెప్పింది పెద్దావిడ, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది.

స్టూడియోలో రంగుల బల్ల దగ్గర పదకొండు మంది ఆడపిల్లలు ఉండేవారు. అందరికంటే చిన్నది ఈవిడే కాబట్టి చిట్టి అనేవారు. అందరికీ పెద్ద పొడుగక్క. గుమ్మంలో తల వంచి రావలసినంత పొడుగు. మాట కరుకు, చేయి మెత్తన. చిట్టికి కుంచె పట్టడం నేర్పింది ఆవిడే. ఏది చదవాలో చెప్పి, బల్ల కింద పుస్తకాలు అందించిందీ ఆవిడే.

అక్కడ బొమ్మల్ని కాగితం మీద కాదు, అద్దంలా కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద వేసేవారు. ఎలుగు ఒళ్ళు ఒక షీటు మీద, దాని పైన చేతులు ఇంకో షీటు మీద, ఆ పైన కళ్ళూ నోరూ మూడో షీటు మీద. మూడూ దొంతరగా పేర్చి, కింద గోడ బొమ్మ వేసిన కాగితం పెట్టి ఫోటో తీసేవారు. ఒక్కో షీటూ రవ్వంత వెలుతురు మింగేస్తుంది. అందుకని అడుగున ఉండే కోటుకి నీలం కాస్త పలచగా, పైనుండే చేతికి కాస్త చిక్కగా కలపాలి. అప్పుడే రెండూ తెరమీద ఒకే నీలంగా కనిపిస్తాయి. నీలానికి మూడు సీసాలు ఉండేవి. సీసాల మీద అంకెలు వేస్తే రంగు కారి చెరిగిపోతోందని మూతల మీద వేసేవారు.

ఏడో బొమ్మ కోటుకి రంగు కలిపే పని పొడుగక్క ఆ రోజు చిట్టికి అప్పగించింది. చిట్టి ఒకటో సీసా, రెండో సీసా ఒకేసారి తెరిచింది. అంతలో ఎవరో పిలిచారు, వెళ్ళి వచ్చి మూతలు పెట్టేసింది. ఏ మూత ఏ సీసాకి పెట్టిందో ఎంత ఆలోచించినా ఆ తర్వాత గుర్తు రాలేదు.

నెల తిరిగాక కొనడానికి వచ్చినవాళ్ళకి ఆ బొమ్మ వేసి చూపించారు. ఎలుగు కత్తెర పట్టుకుని చేయి పైకెత్తి దించినప్పుడల్లా కోటు ఒకసారి వెలిగి, ఒకసారి మసకేసింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, "కోటు మాకు కన్ను కొడుతోందండోయ్" అన్నాడు. అంతా గొల్లుమన్నారు. యజమానికి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ తీసే వ్యవధి లేక ఆ బొమ్మ అలాగే బయటికి వెళ్ళింది. ఆ పూటే ఆయన రంగుల బల్ల దగ్గరికి వచ్చి, నీలం కలిపింది ఎవరని అడిగాడు.

చిట్టి నోరు తెరిచింది. మాట పెగల్లేదు. ఈలోగా పొడుగక్క లేచి నిలబడి, "నేనేనండీ" అంది.

యజమాని అప్పటికప్పుడే పనిలోంచి పొమ్మన్నాడు. పొడుగక్క తన కుంచెలు, గిన్నె, ఏప్రను గుడ్డసంచిలో వేసుకుంది. చిట్టి వీధి గుమ్మం దాకా వెంట వెళ్ళింది, అయినా చెప్పలేదు. "ఏడుపు మొహం పెట్టకే. ముసలాయన కోపం వారం రోజులు. తనే పిలుస్తాడు, నేనే వస్తాను" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి వెళ్ళింది పొడుగక్క.

"నలభై ఎనిమిదేళ్ళయింది" అంది పెద్దావిడ. "ఆ మూతలు నేనే తారుమారు చేశానా అన్నది ఒక్కటే నాకు తెలియాలి. హాల్లో అయితే కన్ను మూసి తెరిచేలోగా బొమ్మ దాటిపోయేది. దీన్ని ఆపి చూడొచ్చన్నావుగా?"

మనవరాలు ఇక జోకులు వేయలేదు. ఏడో బొమ్మ పెట్టి, ఎలుగు కత్తెర అందుకునే చోట ఆపి, ఒక్కో ఫ్రేమే కదిలేలా మీట నొక్కసాగింది. పెద్దావిడ ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వంగింది. పసుపు పొర వెనక నీలమంతా పాచి పట్టిన ఆకుపచ్చలా ఉంది. వెలుగు తెలుస్తోంది గానీ, వెలిగింది ఏదో తేల్చుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నా కన్ను చాలదు. నువ్వు చెప్పు. కోటు చూడు."

"చేయి పైనున్నప్పుడు ముదురుగా ఉంది. ఇదిగో, చేయి పక్కకి పోయి కనబడకుండా అయింది. ఇక్కడ కోటు వెలిగింది." మనవరాలు మళ్ళీ మీట నొక్కింది. "మళ్ళీ చేయి వచ్చింది. మసకేసింది. నిజమే అమ్మమ్మా, కన్ను కొడుతోంది."

పెద్దావిడ కుర్చీలో వెనక్కి వాలింది. ఏళ్ళ తరబడి అనుకున్నదే. ఇక చూడటానికి ఏముంది, కట్టేయమని చెప్పబోయింది.

మనవరాలు ఇంకా మీట నొక్కుతూనే ఉంది. ముందుకి రెండు, వెనక్కి రెండు. "కానీ ఇదేంటి? గోడ కూడా వెలుగుతోంది. గోడ మీది గడియారం కూడా."

పెద్దావిడ మళ్ళీ ముందుకి వంగింది. నెమ్మదిగా అడిగింది. "ఏది, మళ్ళీ చూడు. తొందరపడకు. నా కోసం చెప్పకు. కోటు వెలిగినప్పుడే గోడా వెలుగుతోందా?"

"ఒకేసారి. చేయి పోగానే అన్నీ వెలుగుతున్నాయి. కోటు, గోడ, గడియారం, బాతు తోక. చేయి రాగానే అన్నీ మసక."

అలా మూడుసార్లు చూపించింది. మనవరాలికి అనుమానం వచ్చి ఫోనుతో రెండు ఫోటోలు తీసి, కోటు మీద వేలు పెట్టి కప్పేసి, ఉత్త గోడనే పక్కపక్కన చూపించింది. ఒకటి ముదురు, ఒకటి లేత. అంత తేడా పెద్దావిడ ఒంటికంటికి కూడా తెలిసింది.

గోడకి రంగు వేసింది రంగుల బల్ల కాదు. అది వేరే గదిలో, వేరే మనిషి, కాగితం మీద వేసిన బొమ్మ. మూతలు మారితే తేడా నీలంలో మాత్రమే ఉండాలి. గోడా, గడియారమూ మారడానికీ చిట్టి సీసాలకీ సంబంధం లేదు. మరి ఎందుకు మారాయి? ఆ సంగతి స్టూడియోలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. చేయి అక్కర్లేని చోట ఆ షీటు తీసేస్తే, దాని బదులు ఏ బొమ్మా లేని ఖాళీ షీటు ఒకటి పెట్టాలి. దొంతరలో ఎప్పుడూ మూడే ఉండాలి. లేకపోతే ఒక షీటు తగ్గి, అడుగునున్నదంతా వెలుగుతుంది. ఆ ఖాళీ షీటు పెట్టవలసింది కెమెరా గదిలో. పెట్టలేదు. ఆ రోజు హాల్లో నీలం కోటు తెరంతా పరుచుకుని ఉంటే, గోడకేసి చూసిన నాథుడు లేడు.

"మూతలు సరిగ్గానే పెట్టాను" అంది పెద్దావిడ. ముందు మామూలుగానే అంది. మళ్ళీ అంది. మూడోసారి అనేసరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుండెల మీది బండ ఎవరో దింపి పక్కన పెట్టినట్టు, ఒళ్ళంతా దూదిలా అయిపోయింది. మనవరాలు నీళ్ళు తెచ్చి తాగించింది. కెమెరా గదిలో ఎవరుండేవారని కోపంగా అడిగింది. చల్లటి మనిషి, కెమెరా బాబాయి అనేవాళ్ళం, పోయి చాలా కాలమైంది, ఆయన్నేమీ అనకు అని చెప్పింది పెద్దావిడ. ఖాళీ షీటు మరిచిపోవడం ఎంత తేలికో ఆవిడకి తెలుసు. కనబడని వస్తువు మరి.

"నోరు విప్పకపోవడం మటుకు నా తప్పే. అది ఉంది, ఎక్కడికీ పోదు" అంది. "కానీ రంగు చెడగొట్టింది నేను కాదు. అక్కా కాదు. మా బల్ల తప్పు లేదు."

"అయితే మిగతావి చూద్దామా?"

"పెట్టు. ఎనిమిదోదాంట్లో బాతుకి చలిజ్వరం వస్తుంది, దాని ముక్కు రంగు చూద్దువుగాని, నేనే కలిపాను" అంది పెద్దావిడ. ఆ గొంతులో గర్వం మనవరాలు ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు. మిగిలిన అయిదూ వరసగా చూశారు. తెర మీద ఏం జరుగుతుందో ఆవిడే ముందు చెప్పేసి, మనవరాలి చేత తిట్లు తింది. రేపటి సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

ఆఖరి బొమ్మ అయ్యాక మనవరాలు కర్టెన్లు తీస్తూ, ఈ మాట చెప్పడానికి పొడుగక్క ఎక్కడుందో వెతుకుదామా అని అడిగింది. వెతికానని చెప్పింది పెద్దావిడ. రెండుసార్లు అక్క ఉండే వీధికి వెళ్ళింది. మొదటిసారి ఇంటికి తాళం ఉంది. రెండోసారి వేరే వాళ్ళున్నారు.

యజమాని పిలవలేదు. పొడుగక్క మళ్ళీ రాలేదు. ఆవిడ వెళ్ళింది నలభై ఎనిమిదేళ్ళ కిందట, జూన్ పదకొండో తారీఖున, మధ్యాహ్నం మూడున్నరకి.