తప్పు చదివిన తరగతి

నేను ఒక డస్టరును. బొబ్బిలి దగ్గరి ఒక హైస్కూలులో విరిగిన బెంచీ కాలును కోసి, దానికి గొంగడి ముక్కను మేకులతో బిగించి వడ్రంగి నన్ను తయారు చేశాడు. గొంగడి వైపు అక్షరాలకు, చెక్క వైపు పిల్లలకు. ఈ విభజన మాత్రం వడ్రంగిది కాదు. ఇంగ్లీషు మాస్టారు చిదంబరంగారిది.

ఆ వారమంతా ఆయన చివరి అక్షరం పలకని మాటలే బోర్డు మీద రాశారు. గొర్రెపిల్లకు ‘లామ్’, దువ్వెనకు ‘కోమ్’. రెంటి చివరా ‘బి’ ఉంటుంది; దానిని పలకరాదు. రాసినదంతా పలికే అలవాటున్న పిల్లలు ‘లాంబు, కోంబు’ అనేవారు. సరిగా చదివినవారు నన్ను అందుకొని, తప్పు చదివినవారిని కొట్టాలి. మెల్లగా కొడితే, గట్టిగా కొట్టడమెలాగో మాస్టారు వారి మీదనే చూపేవారు. విద్యను పిల్లల చేతనే పంచిపెట్టించే ఈ పద్ధతిని ఊరి పెద్దలు మెచ్చుకున్నారు.

బుధవారం క్లాసు ఫస్టు రామలింగం చేతిలో నేను అప్పలకొండ చెవి మీద పడ్డాను. నా చెక్కకు రక్తం అంటింది. మరునాడు అప్పలకొండ మళ్ళీ ‘లాంబు’ అన్నాడు. అదే తరగతిలో ఉన్న వాడి అక్క సత్యవేణి ‘లామ్’ అని చదివింది. మాస్టారు నన్ను ఆమె చేతిలో పెట్టారు.

“ఊఁ, కానియ్.”

“నాను కొట్టనండి. నిన్నటి దెబ్బకే ఆడి సెవి కారతంది. ఇంకోటి తగిల్తే సెవుడొచ్చెత్తాదండి.”

“సరిగా చదివినవాళ్ళు కొట్టి తీరాలి.”

“అయితే నాను సదివింది తప్పండి. లాంబు!”

మాస్టారు నన్ను లాక్కొని ఆమె వేళ్ళ కణుపుల మీద కొట్టారు. “రామలింగం! నువ్వు చదువు.”

రామలింగం నా వైపు చూశాడు. “లాంబండి.”

“నాకూ లాంబేనండి!” అన్నారెవరో వెనక బెంచీలోంచి. తరగతి గొల్లుమంది.

ఇక కొట్టడానికి ఆయనొక్కరే మిగిలారు. వీపులు, మోచేతులు, మోకాళ్ళు అని చూడకుండా కొట్టారు. చివరకు అప్పలకొండ తల మీదికి నన్ను ఎత్తారు. సత్యవేణి ఉరికివచ్చి, వాచిన రెండు చేతులతో వాడి చెవిని కప్పేసింది. ఆ చేతుల మీద పడి, మేకుల వెంట నేను రెండుగా చీలిపోయాను.

ప్యూను సింహాద్రి నన్ను వంటశాల కట్టెల్లో పడేశాడు. “ఆ గుంటడి సెవి మానిందిలే, అక్క ఏళ్ళే ఇంకా వంగట్లేదు” అని అతడు వంటామెతో అంటుంటే విన్నాను.

మాస్టారు కొత్త డస్టరు తెప్పించుకున్నారు. ఆయన గొంతు ఇక్కడిదాకా వినిపిస్తుంది. “ఈ మాట చదవడం ఎవరికి వచ్చు?” అని అడుగుతారు.

ఎవరికీ రాదు.