గడియారం మాస్టారి పాఠం

బల్లగడియారానికి కీ ఇవ్వబోతుండగా మాస్టారి భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడ్డారు. వెనక భార్య.

"మూడుసార్లు పిలిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!"

"ఏదో ఆలోచనలో ఉన్నాలే," అని నవ్వేశారు. ఈవిడకే తెలిసిపోతే ఇంకెక్కడ దాస్తారు? ఆ కంగారులో కీ సంగతి మరిచిపోయి, గడియారాన్ని సంచిలో వేసుకుని బయటపడ్డారు. పూటపూటా కీ ఇవ్వకపోతే ఆగిపోయే పాతకాలపు గడియారం అది.

స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో ఆయన్ని గడియారం మాస్టారంటారు. ఒకేలా అనిపించే క్రియల్ని విడదీసి చెప్పడంలో అందెవేసిన చెయ్యి. పుస్తకం ముట్టుకోరు. గడియారం మీద చేతిరుమాలు కప్పి, అందర్నీ కళ్లు మూసుకోమంటారు. ఆ పాఠాలతోనే ఇల్లు గడుస్తోంది. చెవులే కొంతకాలంగా మొరాయిస్తున్నాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నారు.

ఆ రోజు చివరి బెంచీలో ప్రిన్సిపాల్ కూర్చున్నాడు. మాస్టారు ఒకటడిగితే ఇంకోటి చెబుతున్నారని ఎవరో ఆయన చెవిన వేశారట. మాస్టారు గడియారాన్ని బల్లమీద పెట్టి, రుమాలు కప్పి, అందర్నీ కళ్లు మూసుకోమన్నారు.

"మీరు వద్దన్నా టిక్కుటిక్కు చెవిలో పడుతుంది చూడండీ, అది హియర్. ఇప్పుడు పనిగట్టుకుని చెవొగ్గండి. ఇది లిజన్. వినపడుతోందా?"

గదిలో ఏ చప్పుడూ లేదు. ఒక్కొక్కరే కళ్లు తెరిచి మొహాలు చూసుకున్నారు. మాస్టారు బెదురుగా వాళ్ల పెదాలకేసే చూస్తున్నారు. ఆ చూపు చూసి, ముందు బెంచీలో కూర్చున్న నర్సమ్మకి జాలేసింది.

"వినపడుతోంది సార్!" అంది.

"బాగా వినపడుతోంది," అన్నారు మిగతావాళ్లూ.

"మరదే!" అని మాస్టారు మురిసిపోతూ బోర్డు వైపు తిరిగారు.

"గడియారం ఆగిపోయింది మాస్టారూ," అన్నాడు ప్రిన్సిపాల్ వెనకనుంచి. మాస్టారు రాసుకుంటూనే ఉన్నారు. ప్రిన్సిపాల్ లేచొచ్చి రుమాలెత్తి చూపించాడు. కదలని ముల్లు చూసి మాస్టారి చేతిలోంచి చాక్‌పీసు జారిపోయింది.

"ఇక ఇంటిపట్టున ఉండండి మాస్టారూ," అన్నాడు ప్రిన్సిపాల్, ఆయనకి తెలిసేలా నిదానంగా పెదాలు కదుపుతూ. రుమాలు మళ్లీ కప్పేశాడు.

మాస్టారు ఖాళీ సంచి పట్టుకుని నడిచారు. ఇంట్లో ఏమని చెప్పాలన్నదే ఆయన భయం. నర్సమ్మ గుమ్మం దాకా పరిగెత్తి, "సార్! గడియారం!" అని కేకేసింది.

ఆయన వెనక్కి తిరగలేదు.

ఆమె తిరిగొచ్చి గడియారానికి కీ ఇచ్చి, దాన్ని ఎప్పటిచోటే పెట్టి రుమాలు కప్పింది. ఎవరూ చెప్పకుండానే అందరూ కళ్లు మూసుకున్నారు. బల్లమీద, రుమాలు కింద, గడియారం టిక్కుటిక్కుమంటోంది.