మొదటి మాట

నా కూతురు వీరవేణి పుట్టుకతోనే చెడ్డదేమోనన్నదే నా భయం, మిగతావన్నీ దాని తర్వాతే, ఈ పురుడుతో సహా, పుట్టింటికి పోతున్న ఈ పడవ నిండా పురుగు పట్టిన ఎండు చేపల కంపే, నా చీరలోంచేనేమో, ఛీ, పొద్దున వాటిని గొయ్యి తీసి కప్పెట్టింది నేనేగా, వేళ్ళ సందుల్లో తెల్లగా మెసిలే పురుగులు, అంతకన్నా రోత మా అత్తగారి నవ్వు, ఆరేళ్ళ పిల్ల ముందు అట్లకాడ ఆడిస్తూ, నువ్వెళ్ళి రావే, దీన్ని మాత్రం పంపను, వచ్చేసరికి వాత పెట్టి బుద్ధి నేర్పి ఉంచుతాను అన్నారు, అడ్డుపడడానికి ఆయనా లేరు, ధవళేశ్వరంలో ఆనకట్టకి రాళ్ళ పడవ తోలుతున్నారు, పక్కింటి వరహాలమ్మైతే పిల్ల కాళ్ళ దగ్గరే ఉమ్మేసింది, థూ, నా కూతుర్ని కొరికిందమ్మా మీ కుక్కపిల్ల అని, కొరికింది నిజమే, వామనగుంటల్లో చింతపిక్కలు చేతికి రాగానే తన వంతు కాదన్న సంగతి మర్చిపోతుంది, లాక్కుంటే కొరుకుతుంది, కొరికితే ఆటకి పిలవరు, పిలవకపోతే ఇసక జల్లుతుంది, చేపలు కుళ్ళిందీ దానివల్లేనట, కాకుల్ని తోలవే, చినుకు పడితే చేపల చాప చుట్టెయ్యి అని అత్తగారు చెబితే చుట్టలేదు, కావాలనే చేసింది మొండిముండ అన్నారు, నేను పరిగెత్తి వెళ్ళేసరికి జోరువాన, ఒక్క కాకీ లేదు, పిల్ల వణుకుతూ హుష్ హుష్ అని చెయ్యి విసురుతూనే ఉంది, మొండిదైతే లోపలికి పారిపోదూ.

వీధిబడిలో అన్న పక్కన కూర్చున్నప్పుడు ఇసకలో ఒక అక్షరం కుదిరాకే పంతులుగారు రెండోది చెప్పేవారు, గుణింతాల దగ్గరే పెళ్ళని నన్ను లేపేశారు, ఆ కాస్త చదువైనా ఇన్నాళ్ళూ నాకు గుర్తుకు రాలేదేం, పిల్లలో చెడు లేదు, మొదటి మాట పట్టుకుంటే రెండోది దాని తలలో నిలవదు, అంతే, ఒక్కొక్కటే చెప్పాలి, గెడ వేసి పడవ నడుపుతున్న జగ్గయ్య మామ ఏదో అంటున్నాడు, నీ కూతురు భలేదమ్మాయ్, మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు, ఆయ్, అవును, నేనే చెప్పాను, రేవులో నిలబడి చెయ్యూపు తల్లీ, పడవ కనబడకపోతే ఇంటికెళ్ళిపో అని, రెండు మాటలు, అయ్యో, నేనూ రెండు మాటలే చెప్పి వచ్చాను, పడవ తిప్పు మామా అంటే, సముద్రం పోటు ఎక్కుతోందమ్మాయ్, ఎదురు నీళ్ళకి బారెడు కూడా సాగదు అంటున్నాడు, పోటు ఎక్కితే ఆ రేవంతా నీళ్ళే, గట్టు మీద వెళ్ళేవాళ్ళూ, మీలో ఎవరైనా అటు పోతుంటే కాస్త చూడండి బాబూ, మా వీరవేణి ఇంకా చెయ్యూపుతూనే ఉంటుంది, దగ్గరికెళ్ళి ఇంటికి పద అనండి, ఆ ఒక్క మాటే.