ఎవరి బండి అరుస్తోంది

శుక్రవారం వచ్చిందంటే తర్మూజీకి పొద్దుటి నుంచే గుబులుగా ఉండేది. భక్తి లేక కాదు. కిందటి రంజాన్ నెలలో జుమా నమాజు చేసుకుని మసీదు బయటికి వచ్చేసరికి బండి లేదు. చెప్పులు మాత్రం విప్పినచోట విప్పినట్టే ఉన్నాయి. ఈ దొంగెవడో మర్యాదస్తుడు, చెప్పులు ముట్టుకోలేదు అని కుర్రాళ్లు ఇకిలించారు. ఇకిలించరూ మరి, పోయింది వాళ్ల బాబు సొమ్ము కాదుగా!

సురబయ ఊరి చివర ఆ సందులో చిన్నాపెద్దా అందరికీ అతను చక్ తర్మూజీ, అంటే తర్మూజీ అన్న. మోటార్ సైకిల్ మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పడమే అతని బతుకు. బండి పోయాక కొన్నాళ్లు ఇటుకలు మోశాడు. నడుం పడిపోయింది. చివరికి భార్య సులికా పుట్టింటికెళ్లి, వాళ్లమ్మ ప్రాణంలా పెంచుకుంటున్న ఆవును అమ్మించి ఈ రెండో బండి కొనిపెట్టింది.

"ఇది కూడా పోయిందనుకో, ఇక అమ్ముకోడానికి నేనే మిగిలాను," అని సులికా నవ్వుతూనే అంది. ఆ నవ్వు మాత్రం తర్మూజీకి ఇప్పటికీ అరగలేదు.

అందుకే తాళం కొన్నాడు. మామూలు తాళం కాదు, అరిచే తాళం. పసుప్పచ్చగా పిడికిలంత ఉంటుంది. ముందు చక్రం డిస్కుకి తగిలించి నొక్కితే చాలు. ఎవడన్నా బండి మీద చెయ్యేస్తే ముందు కీచుమని బెదిరిస్తుంది. అయినా కదిపాడా, ఇక చెవులు చిల్లులు పడేట్టు అరుస్తుంది. అది తగిలించుకున్న రోజు తర్మూజీ చాన్నాళ్లకి కంటినిండా నిద్రపోయాడు. మర్నాటి నుంచి సందులో ఎవరు కనబడినా ఇదే పాట. టీ కొట్టు దగ్గర తాళం, చావింట్లో తాళం, పెళ్లింట్లో తాళం. "చక్ తాళం మతంలో కలిశాడర్రా," అని జనం ఏడిపించారు. ఏడిపిస్తూనే కొన్నారు. ఫోన్ల కొట్టు వాహిద్ ఒకేసారి పెట్టెడు తెప్పిస్తే చవకలో వస్తాయన్నాడు. పెట్టె వచ్చింది, సాయంత్రానికల్లా ఖాళీ అయింది.

ఇక చూడాలి ఆ సందు సంబరం! లారీ వెళ్తే ఒకటి అరుస్తుంది. పిల్లి సీటు మీదికి దూకితే ఒకటి అరుస్తుంది. సందు పెద్ద హార్సోనోగారు తాళం తీయడం మర్చిపోయి బండి ముందుకు దూకించి, బజారు నడిబొడ్డున, కూరలమ్మేవాళ్ల ఎదురుగా బోర్లా పడ్డారు. మొదట్లో ఎక్కడ అరుపు వినబడినా లుంగీలు ఎగ్గట్టుకుని మగాళ్లంతా పరిగెత్తేవాళ్లు. తర్వాత పక్కింటివాళ్లే వచ్చేవాళ్లు. ఆ తర్వాత ఎవడూ లేచే పాపాన పోలేదు. అన్నీ ఒకే పెట్టెలోంచి వచ్చినవి కదా, అన్నిటిదీ ఒకటే గొంతు. ఎవరిదో అరుస్తోందిలే అనుకుని ఎవరి అన్నం వాళ్లు తినేవాళ్లు.

మసీదు ముందు బండ్లకి కాపలా కాసే ముసలాయన కస్దీ కూడా ఇదే అదనుగా కుర్చీ మడిచేశాడు. "తాళాలే కాపలా కాస్తుంటే నేనెందుకు బయట ఎండలో? నాకూ చావు దగ్గర పడింది, నాకూ నమాజు కావాలి," అన్నాడు. కాదనగలమా? తాళాల గురించి ఊదరగొట్టిన తర్మూజీ అయితే అసలే కాదనలేడు.

ఆ శుక్రవారం తర్మూజీ అందరికంటే ముందే వచ్చి, నీళ్ల ట్యాంకు పక్కన బండి పెట్టి, తాళం తగిలించి, వేలితో తట్టి, అది కీచుమన్నాక లోపలికెళ్లాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే బండి వెనక చక్రం కనబడుతుంది. వెనక చక్రం కనబడితే చాలు, ముందు చక్రం కూడా ఉన్నట్టే కదా.

జనం నిండారు. ముందు వరసలో ఖాళీలున్నాయని మసీదు పెద్ద ఒకాయన చేత్తో సైగ చేశాడు.

"చక్, ముందుకు జరుగు."

"ఇక్కడ గాలొస్తోందండీ."

"పుణ్యం ముందు వరసలో ఉందయ్యా, కిటికీలో కాదు. లే, లే."

అంతమందిలో కాదంటే బాగోదు. లేచాడు. ముందు వరసలో ఫతోనీ పక్కన చోటు దొరికింది. ఫతోనీ ఆ సందుకి కొత్తగా వచ్చిన కుర్రాడు. దూరంగా బూట్ల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు, అదీ పర్మినెంటు కాదు. బండి వాళ్ల మామగారిది. "మీరు చెప్పారని నేనూ ఆ తాళం కొన్నాను చక్," అని గుసగుసగా అన్నాడు. ఇంతలో ప్రసంగం మొదలైంది, ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

ప్రసంగంలో ఏం చెప్పారో తర్మూజీకి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అతని చెవులు వీపుకి మొలిచాయి. బయట బండి ఏదన్నా ఆగితే గుండె ఆగేది. అది వెళ్లిపోతే మళ్లీ కొట్టుకునేది. నువ్వు దేవుడి ఇంట్లో కూర్చుని ఇనుప ముక్క గురించి ఆలోచిస్తున్నావు, సిగ్గులేదూ అని తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే విన్నాడు.

అందరూ లేచి నిలబడ్డారు. భుజానికి భుజం, పాదానికి పాదం ఆనించారు. ఇమాం గొంతెత్తి నమాజు మొదలుపెట్టాడు.

అప్పుడు కీచుమంది.

పిల్లి అయ్యుంటుంది, పిల్లే. యా అల్లా, పిల్లి కావాలి.

మళ్లీ కీచుమని, ఆ వెంటనే పూర్తి గొంతుతో అందుకుంది. ఇమాం చదువుతున్నది ముందు వరసకే సరిగ్గా వినబడటం లేదు. మసీదు నిండా మగాళ్లు, సగం మంది జేబుల్లో ఆ పసుపు తాళం చెవులే. ఒక్కడూ కదల్లేదు. ఒక్కడూ తల తిప్పలేదు. ప్రతివాడి మనసులోనూ ఒకటే మాట: నాది కాదులే, నాది కాకూడదు.

అరుపు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ మొదలైంది. పిల్లి ఇంతసేపు పట్టు పట్టదు.

సొత్తు పోతుంటే నమాజు మధ్యలో వదిలి వెళ్లొచ్చు, తప్పులేదు అని ఇదే ఇమాం ఒకసారి చెప్పాడు. చెప్పడానికేం, బాగానే చెప్పాడు! ముందు వరసలోంచి ఎలా వెళ్లడం? పక్క తలుపు దాకా ఇంతమంది ముఖాల ముందు నుంచి నడవాలి. నమాజు చేసేవాడి ముందు నుంచి నడవకూడదని చిన్నప్పుడే బెత్తం పెట్టి నేర్పారు. నడిచాక అది తన బండి కాకపోతే? జన్మంతా సందులో తలెత్తుకోలేడు. నడవకపోతే, అది తన బండే అయితే? సులికా ముందు తలెత్తుకోలేడు. ఆవు, అత్తగారు, ఇటుకలు, పడిపోయిన నడుం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

కట్టిన చేతులు విప్పేశాడు. తలొంచుకుని, భుజాలు కుదించుకుని, దొంగలా వరస ముందు నుంచి పక్క తలుపు దాకా పరిగెత్తాడు.

బయట సిమెంటు నేల పెనంలా కాలుతోంది. చెప్పులు వెతుక్కునే ఓపిక ఎక్కడిది, వట్టి కాళ్లతోనే ట్యాంకు దగ్గరికి ఉరికాడు. బండి ఉంది! చక్రంలో తాళం పసుప్పచ్చగా, నోరు మూసుకుని, బుద్ధిమంతుడిలా ఉంది. తర్మూజీకి ఏడుపొచ్చింది. నిజంగానే కళ్లనీళ్లు కారాయి. సీటు మీద చెయ్యి వేస్తే అది కీచుమంది, ఎగిరి గంతేశాడు. "నాది కాదు, నాది కాదు," అని పైకే అన్నాడు.

అరుస్తున్నది వరస మధ్యలో ఉన్న నల్ల బండి. నల్ల బండ్లు అక్కడ బోలెడున్నాయి. దాని ముందు చక్రం దగ్గర ఒకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. హెల్మెట్, ముక్కుకి గుడ్డ, ఫ్యాక్టరీ జాకెట్. తర్మూజీని చూసి వాడు పారిపోలేదు. పైగా ప్రాణం లేచొచ్చినట్టు చూశాడు.

"అమ్మయ్య, వచ్చారా చక్! ఈ ముదనష్టపు తాళం చెవి మా అన్న జేబులో ఉండిపోయింది. అన్న లోపల నమాజులో ఉన్నాడు, ఎలా పిలవను? ఇంట్లో పాపకి ఫిట్స్ వచ్చాయని ఫోనొచ్చింది."

"ముందు దాని నోరు మూయించవయ్యా! లోపల నమాజు పాడవుతోంది."

"చెవి లేదంటున్నాను కదండీ!"

లోపల ఇమాం గొంతు చించుకుంటున్నాడు. ఈ అరుపు ఆగితే చాలు, తను వెళ్లి వెనక వరసలో ఎక్కడో కలిసిపోవచ్చు, ఎవరూ చూడనట్టే ఉంటుంది. తర్మూజీ జేబులో చెయ్యి పెట్టాడు. ఏమనుకుని పెట్టాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికే తెలియలేదు. తన తాళం చెవి తీసి ఆ తాళంలో దూర్చి తిప్పాడు.

తిరిగింది.

అరుపు ఆగిపోయింది. తాళం ఊడి అతని చేతిలోకి వచ్చింది.

"మీకు పుణ్యముంటుంది చక్," అన్నాడు ఆ మనిషి.

తర్మూజీ ఆ మాట వినలేదు. చేతిలోని చెవి వంక చూస్తున్నాడు. నా చెవి వీడి తాళానికి పట్టిందంటే, వీడి అన్న చెవి నా తాళానికి పడుతుంది. వాహిద్ చెవి పడుతుంది. పెట్టెడు తాళాల్లో ఎవడి చెవైనా పడుతుంది! గిరుక్కున తిరిగి ట్యాంకు దగ్గరికి పరిగెత్తి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. వెనక బండి స్టార్టయిన చప్పుడు, గేటు దాటిన చప్పుడు వినబడ్డాయి. అటు తిరిగైనా చూడలేదు.

నమాజు అయిపోయి జనం బయటికి పోటెత్తారు. ఎవడి బండి వాడు చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఫతోనీ ఒక్కడే వరస మధ్యలో నిలబడిపోయాడు.

"ఇక్కడే పెట్టాను," అన్నాడు. "ఇక్కడే కదా పెట్టాను?"

అప్పుడు తెలిసింది తర్మూజీకి, ఆ నల్ల బండి ఎవరిదో.

జనం మూగారు. తర్మూజీ వట్టి కాళ్లు చూశారు, చేతిలో తాళం చూశారు, ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లేసుకున్నారు. కస్దీ ముసలాయన తల బాదుకున్నాడు. హార్సోనోగారు గొంతు సవరించుకుని, "చూశారా, ఇంతమందిమి రాళ్లలా నిలబడ్డాం. పరాయివాడి బండి కోసం నమాజు వదిలి పరిగెత్తింది చక్ ఒక్కడే. మనిషంటే అదీ!" అన్నారు.

ఫతోనీ వచ్చి తర్మూజీ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

"నేను మీ పక్కనే ఉన్నాను చక్. నాది కాదులే అనుకుని కదల్లేదు. నా బండి కోసం మీరు కదిలారు."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ చూడలేదు. దొంగ వచ్చి ఎదురు చెప్పడు. వాహిద్ ఆ తాళం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క గీత కూడా పడలేదే! ఎలా ఊడదీశాడు వాడు?" అన్నాడు. దానికీ ఏదో ఒకటి చెప్పొచ్చు, జనం నమ్ముతారు. కానీ ఫతోనీ ఇంకా చెయ్యి వదల్లేదు.

"వాడు తీయలేదు," అన్నాడు తర్మూజీ. "నేనే తీశాను. నా చెవితో."

ఎవరికీ అర్థం కాలేదు. తర్మూజీ వాహిద్ చేతిలోంచి తాళం లాక్కుని, నొక్కి, అందరి ముందూ తన చెవి పెట్టి తిప్పాడు. టక్కున ఊడింది.

"పాపకి జబ్బన్నాడు. నమ్మాను. నా బండి ఉందన్న సంతోషంలో వాడి ముఖం కూడా చూడలేదు. నేను పరిగెత్తింది నీ బండి కోసం కాదు ఫతోనీ. నా దాని కోసమే."

ఫతోనీ చెయ్యి వదిలేశాడు.

తర్వాత ఎవడో తన జేబులోని చెవి తీసి పక్కవాడి తాళంలో పెట్టి చూశాడు. అంతే, గగ్గోలు పుట్టింది. తర్మూజీని తిట్టే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. అందరూ ఎవరి బండి మీద వాళ్లు పడ్డారు. ఒకటి అరిచింది, రెండోది అందుకుంది, కాసేపటికి మసీదు ముంగిలంతా ఒకటే గొంతుతో అరిచింది. ఆ ఖాళీ చోట ఫతోనీ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఏదో అంటున్నాడు. పెదాల కదలికని బట్టి షిఫ్టు అన్నాడో, మామయ్య అన్నాడో.

తర్మూజీ ట్యాంకు దగ్గరికెళ్లి తాళం తీశాడు. బండి నడిపించుకొచ్చి ఫతోనీ ముందు స్టాండు వేశాడు. సులికాకి ఏం చెప్పాలో, రేపు ఏం తినాలో తెలియదు. బండి తాళం చెవి తీసి కుర్రాడి ముందు చాపాడు.

"నీ బండి దొరికేదాకా ఇది నీ దగ్గర ఉంచుకో."

ఆ రొదలో ఫతోనీకి వినబడలేదు. "ఏంటి చక్?" అన్నాడు తల ముందుకు వంచి.

మొదటిసారి ఎలాగో అనేశాడు. రెండోసారి అనడమే కష్టం. ఏమీ లేదులే అంటే అయిపోతుంది, ఇంటికి బండి మీదే వెళ్లొచ్చు.

"ఇది నీ దగ్గర ఉంచుకో!" అని ఉన్న బలమంతా పెట్టి అరిచాడు.

ఈసారి ఫతోనీకి వినబడింది. అతని ముఖంలోకి చూసి, తాళం చెవి తీసుకున్నాడు.