బావమరిది షెడ్డుకి వెళ్లిన అచ్చులు

ఆయన బీపీ మిషన్ల కంపెనీలో మిషన్ల పైతొడుగులు, అంటే ప్లాస్టిక్ డొప్పలు, అచ్చుల్లో పోసే సెక్షన్‌కి ఫోర్‌మన్. ఆయన భార్య తమ్ముడికి ఊరి చివర రేకుల షెడ్డులో అలాంటిదే చిన్న వర్క్‌షాపు ఉంది. అందులో సబ్బుపెట్టెలు తయారయ్యేవి. ఇంట్లో నలుగురూ చేరితే చాలు, "ఏరా సబ్బుపెట్టెల సామ్రాట్టూ!" అని పలకరించనిదే బావగారికి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు మేనేజరు పిలిచాడు. కంపెనీ ఇకమీదట డిజైనూ సాఫ్ట్‌వేరూ మాత్రమే చూసుకుంటుందట. డొప్పలు బయట చేయిస్తారట, అచ్చులు అప్పుడే పంపేశారట. ఆ సరుకు చూసి ఓకే చెయ్యడమే ఇక ఆయన పని. ఎవరికిచ్చారో విన్నాక బావగారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"మా తమ్ముణ్ణి ఏడిపించారంటే ఊరుకోను," అని ఇంటావిడ ముందే హెచ్చరించింది.

వింటేగా! షెడ్డులో కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి డొప్ప అంచు వెంట వేలు పోనిచ్చాడు. గరుకు తగిలింది. ప్రాణం లేచొచ్చింది.

"చూశావా? అంచున పొర వచ్చింది. ఇది సబ్బుపెట్టె కాదు నాయనా."

బావమరిది తల గోక్కున్నాడు. "అచ్చు మీరు పంపిందే కదా బావా. మీ దగ్గర వచ్చేది కాదా?"

"వచ్చేది. చాకుతో గీకేసేవాళ్లం."

"ఎన్నాళ్లబట్టి?"

బావగారు డొప్పని అటూ ఇటూ తిప్పాడు. "బాగుచేయించడానికి తీరికేదిరా?"

"ఇప్పుడు తీరికేగా..." అనేసి, బావమరిది నాలిక కరుచుకున్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. అవతల మిషన్లు దడదడలాడుతున్నాయి. తన సెక్షన్‌లో పొద్దున చూస్తే బల్లలు తప్ప ఏమీ మిగల్లేదు. లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"స్పానరివ్వు."

ఇద్దరూ అచ్చు విప్పారు. ఓ మూల అంచు అరిగిపోయి ఉంది. అక్కడ వెల్డింగుతో నింపి, సానబట్టి, మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది. తర్వాత వచ్చిన డొప్ప అద్దంలా నున్నగా ఉంది. బావగారు దాన్ని ఎంతసేపు తడిమినా తప్పు దొరక్క కాస్త ఉసూరుమన్నాడు కూడా.

అంతలో మేనేజరు ఫోన్ చేశాడు. "అయిపోయిందా? రేపు ఆఫీసుకి వచ్చేస్తారా?"

"అప్పుడేనా సార్! ఇక్కడ బోలెడు పనుంది. వారం పడుతుంది."

బావమరిది నోరెళ్లబెట్టాడు. "ఏం పనుంది బావా?"

"నీకెందుకు? ఆ రెండో అచ్చు కూడా ఇలా తే," అన్నాడాయన, చేతికంటిన గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ.