రెండు కడసాళ్లు

“పాటను తీసేయమనలే నేను. పేరు మార్చమంటాండా, అంతే,” అన్నాడు మా ఆయన రాజశేఖర్.

నేను జొన్నరొట్టె తడుతున్నాను. రెండు చేతులకూ పిండే. రొట్టె సగం విచ్చుకున్నాక చెయ్యి ఆపితే అంచు పగులుతుంది, అందుకని ఆపలేదు. ఆయన వంటింటి గడపలో నిలబడి ఫోను నా మొహం ముందు పెట్టాడు. అందులో మా అమ్మ భీమక్క. నడుముకు కొంగు బిగించి, బుడ్డల సేన్లో, వేరుశనగ మొక్కల మధ్య కూర్చుని పాడుతోంది. శ్రావణమాసంలో ఊరికి పోయినప్పుడు నేనే తీసి పెట్టిన వీడియో. పైన పేరు ‘కడసాలు’ అని రాశాను. కింద ఎవరో రాసిపెట్టారు: ‘ముసలమ్మా, మా శేఖరన్న పాట పేరు కొట్టేసినావే, సిగ్గు లేదా.’ దాని కింద నవ్వే బొమ్మలు. ఇంకా కిందికి పోతే అదే వరస.

శేఖరన్న అంటే ఈయనే. ఆదోనిలో పెండ్లిళ్లకు, మీటింగులకు సౌండు పెట్టడం ఆయన పని. దానితోపాటు ఒక రాక్ బ్యాండు ఉంది. ఈయన గిటారు వాయించి పాడతాడు, సామ్సన్ డ్రమ్ములు కొడతాడు. నిరుడు వాళ్లు కట్టిన పాట పేరు కూడా ‘కడసాలు’. ఆదోని కాలేజీ పిల్లల్లో ఆ పాట రానివాళ్లు లేరు. నేను పనిచేసే బట్టల అంగట్లో కూడా వేస్తారు. పొద్దంతా చీరలు విప్పుతూ, మడతపెడుతూ మా ఆయన కేకలు వింటాను. సాయంత్రం ఇంటికొస్తే ఆయనే ఉంటాడు.

“పేరు ఒకటే అయితే ఏం పోయె. వాన మీద, వెన్నెల మీద ఒకే పేరుతో ఎన్ని పాటలు లేవు? ఇది రాక్ పాట, అది కలుపు పాట. రెండూ ఉండనీ,” అన్నాను.

“అవి వేరే. వాన అంటే అందరిదీ. కడసాలు అంటే నా పాటే అని జనానికి తెల్సు. బెంగళూరు కంపెనీవాళ్లు రేపు షో చూడనీకి వస్తాండారు. పేరు మీద గలాటా ఉందని తెలిస్తే ఎనక్కి పోతారు. నీకేం తెల్సు ఇయన్నీ. ‘కలుపు పాట’ అని మార్చు, లేదంటే ‘అమ్మ పాట’ అని పెట్టు. పెండ్లయినాక నీ ఇంటిపేరు మార్చుకోలేదా? అంతే ఇది కూడా.”

ఇంటిపేరు మార్చుకున్నప్పుడు నన్నెవరూ అడగలేదు. రొట్టె పెనం మీద వేసి, నీళ్లు అద్దాను.

ఆయన అక్కడితో ఆగలేదు. మధ్యాహ్నం ఒక ఛానెల్ నుంచి ప్రజ్ఞ అనే అమ్మాయి ఇంటికొస్తుందట. షో ముందు ఇంటర్వ్యూ. ఆ అమ్మాయి మా అమ్మ వీడియో గురించి అడుగుతుంది. అప్పుడు నేను ముందుకొచ్చి ఒక్క మాట చెప్పాలి. మా ఆయన పాటంటే నాకు ప్రాణం కాబట్టి, అదే పేరుతో ఏదన్నా పాడమని మా అమ్మను నేనే అడిగాను, తెలియక చేశాను, పేరు మార్చేస్తున్నాను అని చెప్పాలి. నవ్వుతూ చెప్పాలి. “నవ్వుతా చెప్తే మొగుడూ పెండ్లాల ముచ్చట లెక్క ఉంటాది, జనం గూడా ఇష్టపడతారు,” అన్నాడు. ఎప్పుడు ఆలోచించాడో గానీ, ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టాడు.

అంటే ఆయన పాట తర్వాతే అమ్మ పాట పుట్టిందని నా నోటితో చెప్పాలి. కెమెరా ముందు, నవ్వుతూ, ఆయనకు నచ్చిన చీరలో. పెండ్లయిన మొదటి ఏడాది సంగతి ఈయన నిజంగా మర్చిపోయాడా, మర్చిపోయినట్టు ఉండడం అలవాటైపోయిందా, నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు కూడా నేను రొట్టెలే తడుతున్నాను. ఊరి మీద బెంగతో అమ్మ పాట మెల్లగా పాడుకుంటున్నాను. ఈయన వెనకనుంచి వచ్చి, “కడసాలంటే ఏంది?” అని అడిగాడు. ఆదోని బజారులో పుట్టిన మనిషి, సేను గట్టెక్కి ఎరగడు. సేన్లో అన్నిటికంటే చివర ఉండే సాలు, ఆఖరి వరస అని చెప్పాను. బాగుందే మాట అన్నాడు. మొగుడు మా అమ్మ పాట గురించి అడిగాడని ఎంత సంబరపడ్డానో. అంగట్లో తోటివాళ్లకు కూడా చెప్పుకున్నాను, పిచ్చిదాన్ని. ఇప్పుడు స్టేజీ మీద మైకు పట్టుకుని, ఆలూరు రోడ్డులో మబ్బు పట్టిన రోజు ఒక ఒంటరి రైతును చూస్తే ఆ పేరు తట్టిందని చెబుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేనూ ఒకసారి ఆ చప్పట్లలో ఉన్నాను.

పాట బాగుండదని కాదు. ఆయన కడసాల్లో ఒక మగాడు ఒంటరిగా నిలబడి ఆకాశాన్ని నిలదీస్తాడు. అక్కడ గిటారు మోగితే నాకు కూడా ఒళ్లు జలదరిస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆయన పాటను ఎవరూ తీసెయ్యమనలేదు, పేరు మార్చుకోమని కూడా అనలేదు. తప్పుకోవలసింది ఎప్పుడూ మా వైపువాళ్లే ఎందుకని నా గొడవ.

“ఏమే, ఆ పిల్లోడు అంతగా అడుగుతాంటే ఉలకవు పలకవు,” అంది అత్త, వరండాలోంచి. “మొగుడు పైకొస్తాంటే కాలడ్డం పెట్టే ఆడదాన్ని యాడా సూడలే. మీ అమ్మ ఏమన్నా కచేరీలు చేస్తాదా, పేరు పోతే ఏడ్సనీకి?”

నేను జవాబు చెప్పేలోపే రాజశేఖర్ మా అమ్మకు ఫోను కలిపాడు. నాకు వినపడాలని స్పీకర్ పెట్టాడు.

“అత్తా, బాగుండావా. ఏం లేదు, నీ పాట పేరు కొంచెం మారుద్దామని. నా పాట పేరూ అదే కదా, జనం తికమక పడతాండారు.”

అవతల ఎమ్మిగనూరు బస్సేదో దారిన పోతున్నట్టుంది, హారను వినిపించింది.

“మీ ఇష్టం నాయనా,” అంది అమ్మ. “పాటకేముంది, నోట్లోది. ఎట్లంటే అట్ల పిల్సుకోండి. మా మల్లి తెలీక పెట్టింటాది. దాన్నేమీ అనొద్దు నాయనా.”

“అనను అత్తా,” అన్నాడు ఈయన, పెద్ద మనసుతో. ఫోను పెట్టేసి నా వైపు చూశాడు. “సూడు, పాడినామెకే లేని బాధ నీకెందుకు?”

దాన్నేమీ అనొద్దు. ఆ ఒక్క మాట నన్ను పొద్దంతా పొడిచింది. అమ్మకు పాట పేరు పోతుందన్న బాధ లేక ఊరుకుందా? కూతురి కాపురం ఫోనులో వినపడుతుంటే ఏ తల్లి ఏమంటుంది? తప్పు చేసింది నేనే అన్నట్టు అల్లుణ్ని బతిమాలింది. అల్లుడు క్షమించాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అమ్మ మీద కూడా వచ్చింది.

బట్టలు ఆరవేయడానికి మిద్దె ఎక్కాను. సామ్సన్ అక్కడ స్పీకరు వైర్లు చుడుతున్నాడు. చర్చిలో డ్రమ్ములు నేర్చుకున్న మనిషి, మాట తక్కువ. నన్ను చూసి కాస్త మొహమాటపడ్డాడు. కామెంట్లు ఆయనా చదివుంటాడు.

“వదినా, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. అమ్మ పాటకు డ్రమ్ము పెట్టి సూసినా, ఊరికే. కుదర్లే. బాగా పోతా పోతా యాడో ఒకచోట నిలబడతాది. నిలబడేది కూడా పోయినతూరి నిలబడినంత సేపు కాదు. తాళం తప్పుతాందా ఆమెకు?”

“తప్పడం లేదన్నా,” అన్నాను. “అది ఎనక్కి తిరిగి సూసే చోటు.”

ఆయనకు అర్థం కాలేదు. తడిబట్ట భుజం మీద వేసుకుని చెప్పాను. కలుపుకు పోయిన ఆడవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో సాలు పడతారు. అందరూ ఒక వరసగా ముందుకు జరగాలి. ఎవరన్నా వెనకబడితే సేను ఆసామి కంట్లో పడుతుంది, మరుసటి రోజు ఆమెను పిలవరు. అందుకని కడుపుతో ఉన్నామెనో, జ్వరం పడి లేచినామెనో కడసాల్లో కూర్చోబెడతారు. అది గట్టు పక్కన ఉంటుంది, కాస్త పొట్టి. పాట పాడే ఆమె మొదటి సాల్లో ఉంటుంది. చేతులు పాటతోపాటే కదులుతాయి కాబట్టి, పాట ఎంత నిదానంగా పోతే పని అంత నిదానం. చరణం అయిపోగానే ఆమె కడసాలు వైపు చూస్తుంది. అక్కడ వెనకబడి ఉంటే పాట ఆపుతుంది, గొంతు సవరించుకున్నట్టు నటిస్తుంది, అందరి చేతులూ ఆగుతాయి. ఆమె వచ్చి వరసలో కలిశాక మళ్లీ ఎత్తుకుంటుంది.

“ఆసామికి తెలీదా?” అన్నాడు సామ్సన్.

“పాట బాగుందని గట్టు మీద కూసోని వినేటోడు.”

సామ్సన్ వైరు చుట్టడం ఆపేశాడు. “అయితే మా పాటలో కడసాల్లో మనిషిని ఒంటరిగా ఇడిసిపెట్టినాం కదా,” అన్నాడు. చుట్టిన వైరు కింద పెట్టి, “శేఖరుకు తెల్సా ఇది?” అన్నాడు.

“అడగలే,” అన్నాను. చివరి సాలు అని చెప్పినదాకా విన్నాడు మా ఆయన. తర్వాతిది చెప్పేలోపు గిటారు దగ్గరికి పోయాడు.

సామ్సన్‌కు కూడా చెప్పనిది ఇంకొకటుంది. ఆ పాట కట్టిన ఏడాది కడసాల్లో కూర్చున్నది మా అమ్మే. కడుపులో ఉన్నది నేను. ‘కడసాలు సిన్నక్క కదిలి రావమ్మా, నీ సాలు నా సాలు ఒక గట్టుకమ్మా’ అని, అమ్మనే సిన్నక్కా అని పిలుస్తూ, తోటి కూలోళ్లు ఆమె కోసం పాట కట్టి, ఆమె కోసం ఆగారు. తర్వాత మొదటి సాలు అమ్మకు వచ్చింది. ఎంతమంది కోసం ఆగిందో. ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు, సేన్లో పాడే పని లేకుండా పోయింది. ఆ పాట ఇక ఎక్కడా ఉండదని భయపడే నేను ఫోనులో తీసి పెట్టాను. అంతమంది ఆడవాళ్లు కలిసి కాపాడిన దాన్ని నేను ఒక్కదాన్ని నవ్వుతూ అప్పగించాలట.

మధ్యాహ్నం ప్రజ్ఞ వచ్చింది. చిన్న పిల్లే, మంత్రాలయం వైపు నుంచి. వెంట కెమెరా అతను. వాళ్లకు ఉప్మా చేశాను, టీ పెట్టాను, గ్లాసులు తీశాను. అత్త పట్టుచీర కట్టుకుని తలుపు పక్కన కూర్చుంది. ఆయన గిటారు ఒళ్లో పెట్టుకుని ఆలూరు రోడ్డు, మబ్బు, ఒంటరి రైతు కథ చెప్పాడు. చెప్పినంతసేపూ బాగా చెప్పాడు. తర్వాత నన్ను పిలిచాడు. చీర మార్చుకోలేదని చూసి మొహం కొంచెం మారింది, కెమెరా ఉంది కాబట్టి సర్దుకున్నాడు.

“మేడం, మీ అమ్మగారి వీడియో గురించి చాలామంది అడుగుతాండారు,” అంది ప్రజ్ఞ. “సార్ పాట విని, అదే పేరుతో పాడించినారంట కదా?”

“ఆమెకు సిగ్గెక్కువ,” అన్నాడు రాజశేఖర్ నవ్వుతూ. “నేను చెప్తా…”

“నేనే చెప్తా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “మా అమ్మ పాట నేను పుట్టకముందుదమ్మా. మా ఊరి ఆడోళ్లు కట్టుకున్న పాట. దాని పేరు అప్పటినుంచీ కడసాలే. ఈయన ఆ మాట మొదట ఇన్నది ఈ ఇంట్లోనే, ఆ వంటింట్లో. నేను రొట్టెలు చేస్తా పాడుకుంటాంటే, కడసాలంటే ఏందని నన్నడిగినాడు. ఈయన పాట ఈయనదే, బాగుంటాది. పేరు మాత్రం మా అమ్మోళ్లది.”

ప్రజ్ఞ ఆయన వైపు తిరిగింది. “నిజమా సార్?”

“ఏమో… గుర్తులే,” అన్నాడు.

“నాకు గుర్తుంది,” అన్నాను.

వాళ్లు పోయేదాకా ఆయన మర్యాదగానే ఉన్నాడు, వీధి చివరిదాకా సాగనంపి వచ్చాడు. వచ్చి చెప్పులు విసిరికొట్టాడు. బెంగళూరోళ్లు ఇంక రారన్నాడు. ఊర్లో తలెత్తుకోలేకుండా చేశానన్నాడు. ఏళ్ల తరబడి పెండ్లి పందిళ్లలో వైర్లు మోసినవాణ్ని, ఒక్క అవకాశం వస్తే కట్టుకున్నదే కాలదన్నింది అన్నాడు. నాకు జాలి వేసింది, నిజంగానే వేసింది. కానీ ఆ జాలితోనే కదా నేను ఇన్నాళ్లూ పక్కకు జరుగుతూ వచ్చింది.

“నోటికాడి కూడు తీసేస్తివి కదే,” అంది అత్త.

“ఆ పిల్లకు ఫోన్ చెయ్యి,” అన్నాడు ఆయన. “తెలీక మాట్లాడినా, ఆ ముక్క తీసెయ్యమని చెప్పు. చెప్పకపోతే రేపు షోకి నువ్వు రావద్దు.”

“రాను,” అన్నాను టీ గ్లాసులు కడుగుతూ. “రేపు పొద్దున ఎమ్మిగనూరు బస్సుకు ఊరికి పోతాండా. అంగట్లో సెలవు చెప్తా. అమ్మకాడ ఇత్తనం పాటలుండాయి, కోత పాటలుండాయి, ఇసురురాయి పాటలుండాయి. అన్నీ పాడించి పెడతా, ఆమె ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతో. ఆమె వద్దంటే కూసోబెట్టి అడుగుతా, వద్దని ఎవురికి భయపడి అంటాండావని.”

నేను చివరి గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగాను.

“ఇంకమీద కొత్త పాట కట్టినప్పుడు, పేరు పెట్టకముందు నన్నొక మాట అడుగు,” అన్నాను.